ఓటమిని పంచుకున్న ఆటగాళ్లు

టెక్సస్ రాష్ట్రం డాలస్‌లో బ్యాంకు నడిపే ఆండీ బీల్ 2001లో లాస్ వేగస్ వచ్చి బెలాజియో కాసినో పోకర్ గదిలో కూర్చున్నాడు. వ్యాపారి అయినా గణితం మీద తీరని మోజు ఉన్న మనిషి. ఫెర్మా చివరి సిద్ధాంతానికి దగ్గరి చుట్టమైన ఒక ఊహను ప్రతిపాదించి, అది నిజమో కాదో తేల్చినవారికి సొంత డబ్బుతో బహుమతి ప్రకటించాడు. ఆ బహుమతి ఇప్పుడు 10 లక్షల డాలర్లు. తన ఎదుట కూర్చున్నవాళ్లు తనకంటే ఎంతో మెరుగైన ఆటగాళ్లని ఆయనకు త్వరలోనే తెలిసిపోయింది. అయితే వాళ్లకు లేనిదొకటి తనకుంది: పోయినా బతుకు మారనంత డబ్బు. పందెం పెంచుకుంటూ పోతే ఏదో ఒక మెట్టు మీద వాళ్ల చెయ్యి వణుకుతుందని, వణికిన చేతికి నైపుణ్యం అక్కరకు రాదని ఆయన లెక్క. 2004 నాటికి ఆ లెక్క లక్ష–రెండు లక్షల డాలర్ల ఆట దాకా వెళ్లింది. అంటే ఒక్కో ఆటలో మొదటి రెండు విడతల్లో పందెం లక్ష డాలర్లు, చివరి రెండు విడతల్లో రెండు లక్షలు. తన ముఖం, తన తీరు ఎదుటివాళ్లు చదవకుండా బీల్ పెద్ద నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాడు. ఆలోచనకు పట్టే సమయం కూడా గుట్టు బయటపెట్టకూడదని, కొన్ని క్షణాలకోసారి కంపించే చిన్న మోటారును మేజోడులో దాచుకుని, అది కదిలినప్పుడే పందెం ముందుకు తోసేవాడు.

ఎదుటివాళ్లు సామాన్యులు కారు. డాయిల్ బ్రన్సన్, ఆయన కొడుకు టాడ్, చిప్ రీస్, జెన్నిఫర్ హార్మన్, టెడ్ ఫారెస్ట్, హోవార్డ్ లెడరర్, ఆ తరం పోకర్‌లో మొదటి వరస మనుషులు. అయినా బీల్ లెక్క తప్పు కాదని వాళ్లకు తెలుసు. సొంత ఇంటి డబ్బుతో ఆ స్థాయిలో ఒంటరిగా కూర్చుంటే ఎంత నిబ్బరం ఉన్నవాడికైనా చూపు మసకబారుతుంది. అందుకు వాళ్లు కనిపెట్టిన మందు ధ్యానమూ కాదు, ధైర్యవచనమూ కాదు. తలా ఇంత వేసుకుని ఉమ్మడి సొమ్ము పోగుచేశారు. ఆ కూటమికి ‘కార్పొరేషన్’ అన్న పేరు నిలిచింది. బీల్ ముందు ఒకసారి ఒక్కరే కూర్చుంటారు. గెలిచినా ఓడినా అది వాటాల ప్రకారం అందరిదీ. ఆట ఆడే మనిషి ముందు కోటి డాలర్ల చిప్స్ ఉన్నా, అందులో అతని సొంతం ఒక వంతే. 2004 మే నెలలో బీల్ ఒక్క రోజులో కోటి డాలర్లకు పైగా గెలిచాడు. ఆ గెలుపు నిలవలేదు. 2006 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చి, ఈసారి విన్ కాసినోలో, కూటమి సొమ్ములో కోటీ ముప్పై లక్షలకు పైగా ఊడ్చేశాడు. నెల తిరక్కుండానే ఫిల్ ఐవీ మూడు రోజులు కూర్చుని కోటీ అరవై లక్షలకు పైగా తిరిగి తెచ్చాడు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా గుండె ధైర్యం కథగా చెబుతారు. నా అభిప్రాయం వేరు. పెద్ద పందేల ముందు ఓటమిని ఓర్చుకోవడం అనేది పోకర్ చరిత్రలో ఎన్నడూ ఒక మనిషి గుండెలో పుట్టిన గుణం కాదు. ఆట చుట్టూ జనం కట్టుకున్న కట్టుబాట్లలోంచి వచ్చిన వెసులుబాటు అది. కట్టుబాటు ఉన్నచోట సాధారణ మనుషులు కూడా కోట్లు పోయినా తెల్లారి మామూలుగా కూర్చుని ఆడారు. లేనిచోట మహా మేధావులు మట్టికొట్టుకుపోయారు. ఈ వృత్తి గాథలు మాత్రం ఎప్పుడూ రెండో రకం వాళ్ల చుట్టూనే తిరుగుతాయి. నిక్ డాండలోస్ అనే ‘గ్రీకు’ను జానీ మాస్ నెలల తరబడి ఆడి ఓడించాడన్న కథ లాస్ వేగస్ స్థల పురాణమైపోయింది. అందులో ఎంత జరిగిందో, ఎంత తర్వాత అల్లిందో చరిత్రకారులకే పేచీ. కానీ ఓడినవాడు చిరునవ్వుతో లేచి వెళ్లాడన్న ముక్తాయింపు మాత్రం అందరికీ నచ్చింది.

పోకర్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్ ప్రాంతంలో పుట్టి, మిసిసిపి నది మీద తిరిగే ఆవిరి పడవలెక్కి ఉత్తరానికి పాకింది. మొదట్లో 20 ముక్కలతోనే ఆడేవారు. పత్తి అమ్ముకుని చేతినిండా డబ్బుతో వచ్చే రైతులు, వ్యాపారులు పడవ దిగేసరికి ఖాళీ అయిపోయేవారు. ఆ ఓటమితో ఎలా వేగాలో అప్పటి సమాజానికి తెలిసిన పద్ధతులు మొరటువి: 1835 జూలైలో మిసిసిపి రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ పట్నంలో ఊరి జనం గుమిగూడి ఐదుగురు జూదగాళ్లను ఉరితీశారు. ఆ తొలి రోజుల్లో డబ్బున్నవాడు ఎదుటివాడి దగ్గర లేనంత పందెం కాసి, అతని ముక్కలు మంచివైనా సరే బెదరగొట్టి లేపేసే వీలుండేది. ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టి పందెం అందుకోవాలన్న ఉబలాటం అక్కడే పుట్టేది. తర్వాత స్థిరపడిన నియమం ఒకటుంది. ఆట మొదలైనప్పుడు టేబుల్ మీద ఎంత పెట్టుకున్నావో ఆ ఆటలో అంతే పోగొట్టుకోగలవు; ముక్కలు చేతికొచ్చాక జేబులోంచి తీయడానికి లేదు. తక్కువ ఉన్నవాడు ఉన్నదంతా పెట్టి చివరిదాకా ఆటలో ఉండొచ్చు. పోకర్‌లో మనసును కాపాడిన తొలి కట్టుబాటు ఇదే అంటాను. ఉద్రేకం వచ్చిన క్షణానికీ డబ్బు తీసే క్షణానికీ మధ్య అది ఒక గోడ కట్టింది.

ఆ గోడ ఒక్క ఆటకే. ఆట తర్వాత ఆటకు మనిషి కొత్తగా డబ్బు పెట్టుకోవచ్చు, ఇంకా పెద్ద టేబుల్‌కు మారొచ్చు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోమంది సామెత. పేకాటలో దాన్ని నమ్మినవాళ్లు ఇంకా పెద్ద చోట వెతుక్కుంటారు. 1950ల చివర, 1960ల్లో టెక్సస్ రోడ్ల మీద తిరిగిన జూదగాళ్ల బతుకులో ఇది చాలా స్పష్టంగా కనబడుతుంది. డాయిల్ బ్రన్సన్, సెయిలర్ రాబర్ట్స్, అమరిల్లో స్లిమ్ ముగ్గురూ ఒకే కారులో, ఒకే ఉమ్మడి సొమ్ముతో ఊరూరా తిరిగి ఆడారు. చట్టరీత్యా నేరమైన ఆటలవి. ఒక పక్క పోలీసులు, ఇంకో పక్క తుపాకులతో వచ్చే దొంగలు. అన్ని గండాల మధ్యా వాళ్లను ఏళ్ల తరబడి నిలబెట్టింది ఆ ఉమ్మడి సంచే: ఒకడికి చెడ్డరోజు అయితే ఇద్దరు మోస్తారు. ఇక్కడ నా వాదనకు ఎదురు తిరిగే నిజం కూడా ఉంది, దాటేయడం న్యాయం కాదు. ముగ్గురూ కలిసి లాస్ వేగస్ వెళ్లి పెద్ద ఆటల్లో కూర్చున్న తొలి విడతలోనే ఏళ్ల కష్టమంతా పోయింది. ఆ తర్వాత భాగస్వామ్యం విడిపోయింది, స్నేహం మిగిలింది. పంచుకోవడం ఒక్కటే చాలదని, పంచుకున్నది ఆ మెట్టుకు సరిపోవాలని ఆ ఓటమి చెబుతుంది. బ్రన్సన్ తర్వాతి బతుకంతా, 70 దాటిన వయసులో కార్పొరేషన్ వాటాదారుగా సహా, ఆ పాఠాన్ని మర్చిపోలేదు.

కట్టుబాటును తోసేసినవాళ్ల చరిత్ర ఇంకా ఘాటైనది. స్టూ ఉంగర్ జిన్ రమ్మీలో తనతో ఆడటానికి మనిషి దొరకనంత గొప్పవాడై, పోకర్‌కు వచ్చి 1980లో, 1981లో వరుసగా ప్రపంచ పోకర్ పోటీ ప్రధాన పట్టం గెలిచాడు. ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో, ఎదుటివాణ్ని చదవడంలో అతనికి సాటి లేరని తోటివాళ్లే అన్నారు. గెలిచిందంతా గుర్రప్పందేల్లో, మత్తుమందుల్లో పోయేది. 1997లో మూడోసారి గెలిచినప్పుడు ప్రవేశ రుసుము 10 వేల డాలర్లు కట్టడానికి కూడా సొంత డబ్బు లేదు. బిల్లీ బాక్స్టర్ కట్టాడు, 10 లక్షల బహుమతిలో సగం తీసుకున్నాడు. మరుసటి ఏడాది నవంబరులో ఉంగర్ లాస్ వేగస్‌లో ఒక చౌక మోటెల్ గదిలో 45 ఏళ్లకు చనిపోయాడు. ఆర్చీ కారస్‌ది మరో తీరు. 1992 చివర్లో 50 డాలర్లతో లాస్ వేగస్ చేరి, ఒక పరిచయస్తుడి దగ్గర 10 వేలు అప్పు తీసుకుని, గెలిచిన ప్రతిసారీ పందెం పెంచుతూ 4 కోట్ల డాలర్లు దాటించాడు. 1995లో వారాల వ్యవధిలో అదంతా పోయింది. ఎక్కువ భాగం పాచికలకు, బాకరా టేబుళ్లకు. పెంచే నియమం ఉంది, దించే నియమం లేదు.

కారస్ ఆ ఊపులో ఉన్నప్పుడు ఎదుట కూర్చున్నవాళ్లలో చిప్ రీస్ ఒకడు. ఆయన 20 లక్షల డాలర్లు దాటి పోగొట్టుకుని, లేచాడు. రీస్ చలించని స్వభావం గురించి ఆ రంగంలో అందరూ చెబుతారు. అంతా ఏర్పాటే అంటే ఆయన స్వభావం మాట ఏమిటని ఎవరైనా అడగొచ్చు, అడగాల్సిందే. నా జవాబు ఇది: ఆయన నిబ్బరం కనబడింది ఓడుతూ కూర్చోవడంలో కాదు, లేవడంలో. లేచినా చిన్నతనం కాని వాతావరణం ఉండాలి, లేచాక ఆడుకోవడానికి కింది మెట్టు ఆటలు ఉండాలి, ఇంట్లో డబ్బు విడిగా ఉండాలి. ఇవన్నీ ఉన్న మనిషికి నిగ్రహం తేలిక. అనుభవం ఒక్కటే నిగ్రహం ఇస్తుందా అంటే సాక్ష్యం అటు లేదు. గ్యారీ స్మిత్, ఇద్దరు సహ పరిశోధకులు ఆన్‌లైన్‌లో పెద్ద పందేల టేబుళ్ల మీద ఆడిన అనుభవజ్ఞుల ఆటలను పరిశీలించి 2009లో ఒక వ్యాసం ప్రకటించారు. పెద్ద గెలుపు తర్వాత కంటే పెద్ద ఓటమి తర్వాత ఆటగాళ్లు ఎక్కువ ఆటల్లో దిగి, జాగ్రత్త తగ్గించి ఆడారని అందులో తేలింది. వాళ్లేం కొత్తవాళ్లు కారు. పోయినదాన్ని పూడ్చుకోవాలన్న తహతహ అనుభవంతో చావదు.

అందుకే 1980ల నుంచి పోకర్ రచయితలు గుండె మాట తగ్గించి అంకెల మాట పెంచడం ఈ వృత్తి చరిత్రలో పెద్ద మలుపు. బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ 1956లోనే, ఉన్న సొమ్ములో ఎంత వంతు పందెం కాస్తే దీర్ఘకాలంలో పెరుగుతుందో సూత్రం కట్టాడు. 1987లో మేసన్ మాల్మత్ తన పుస్తకంలో, నిజంగా నేర్పున్న ఆటగాడికి కూడా ఎంత లోతైన ఓటముల వరస వస్తుందో, దానికి ఎంత పెట్టుబడి దాచుకోవాలో గణాంకాలతో వివరించాడు. పందెం మొత్తాలు ముందే ఖరారైన లిమిట్ ఆటకు పెద్ద పందెం మొత్తానికి 300 రెట్లు చేతిలో ఉండాలన్న వాడుక ఆ కాలానిదే. ఈ లెక్కలు మనసుకు చేసిన మేలు నా దృష్టిలో అపారం. పై మెట్టు ఎక్కినవాడు మొదటి వారంలోనే ఓడితే, అది తన అసమర్థత అనో దేవుడు పగబట్టాడనో అనుకోనక్కర్లేదు. ముందే రాసిపెట్టుకున్న హద్దు లోపల ఉందా, దాటిందా అన్నదే చూసుకోవాలి. దాటితే దిగడం నియమం, అవమానం కాదు.

దీనికి కళ్లెదుటి రుజువు క్రిస్ ఫెర్గూసన్ 2006లో మొదలుపెట్టిన ప్రయోగం. ప్రపంచ పట్టం గెలిచిన ఆ మనిషి ఆన్‌లైన్‌లో సున్నా డాలర్లతో, ఉచిత పోటీల నుంచి బయల్దేరి 10 వేల డాలర్లకు చేరాడు. ఏడాదిన్నర దాకా పట్టింది. నియమాలు మూడే. ఒక టేబుల్‌కు మొత్తం సొమ్ములో 5 శాతం మించి తీసుకెళ్లకూడదు. పోటీలకైతే 2 శాతం. టేబుల్ మీది డబ్బు మొత్తంలో 10 శాతం దాటిందంటే, గెలుస్తున్నా సరే లేవాలి. మూడో నియమాన్ని జాగ్రత్తగా చూడండి: అది గెలుస్తున్నవాడిని లేపుతోంది. ఓటమి బాధను గెలిచే రోజునే కోసేస్తోంది. అయితే ఇదే కథకు ఒక చేదు కొనసాగింపు ఉంది. ఆయన ఆ ప్రయోగం చేసిన ఫుల్ టిల్ట్ అనే సైటు 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ దాడితో కుప్పకూలినప్పుడు, ఆటగాళ్లు దాచుకున్న డబ్బును కంపెనీ తన ఖర్చుల ఖాతా నుంచి విడిగా ఉంచలేదని బయటపడింది. వేలమంది ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఆటకు డబ్బు విడిగా పెట్టుకోవాలన్న మొదటి పాఠం ఆటగాడు పాటించాడు, ఆట నడిపినవాళ్లు పాటించలేదు.

ఆ సైటు మీదే 2009 శరత్కాలంలో ఇసిల్డర్1 అనే మారుపేరుతో ఒక కుర్రాడు ప్రపంచంలోని పెద్దపెద్ద ఆటగాళ్లందరితో ఒకేసారి పలు టేబుళ్ల మీద ఆడి లక్షలు గెలిచాడు. అతను స్వీడన్‌కు చెందిన విక్టర్ బ్లోమ్ అని 2011లో తెలిసింది. అదే 2009 డిసెంబరు 8న అతను బ్రయన్ హేస్టింగ్స్ చేతిలో కొన్ని గంటల్లో దాదాపు 42 లక్షల డాలర్లు పోగొట్టుకున్నాడు. ఆన్‌లైన్ పోకర్‌లో అప్పటికి అంత పెద్ద ఒక్కరోజు ఓటమి లేదు. హేస్టింగ్స్ ఒంటరి కాదు. బ్లోమ్ ఆడిన వేల ఆటల రికార్డులను బ్రయన్ టౌన్సెండ్, కోల్ సౌత్‌లతో కలిసి చదివి వచ్చాడు. ఆ రికార్డులు పంచుకోవడం సైటు నిబంధనలకు విరుద్ధమని రచ్చ అయింది, టౌన్సెండ్ మీద చర్య కూడా తీసుకున్నారు, తప్పే. ఆ తప్పొప్పులు పక్కన పెడితే, ఒకవైపు కూటమి, మరోవైపు ఒంటరివాడు. బీల్ కథలో లాగే ఇక్కడా ఒంటరివాడిదే పెద్ద ధైర్యం, ఒంటరివాడిదే ఓటమి. 2003లో ప్రపంచ పట్టం గెలిచిన టెనెసీ రాష్ట్రపు అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ కూడా, ప్రవేశం దొరగ్గానే తన గెలుపులో వాటాలు తండ్రికి, ఒక స్నేహితుడికి ముందే అమ్మేశాడు. 25 లక్షల డాలర్లు గెలిచాక అది నష్టంగా కనబడొచ్చు. కూర్చునే ముందు అది నిద్ర పట్టడానికి చెల్లించిన ధర.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. ఈ కట్టుబాట్లన్నీ నేర్పున్నవాడికి కదా? నేర్పు లేనివాడు 5 శాతం చొప్పున ఓడితే నెమ్మదిగా ఓడతాడు, అంతే. కాసినో ప్రతి ఆట నుంచి కోసుకునే రుసుము పోగా పోకర్‌లో నికరంగా గెలిచేవాళ్లు కొద్దిమందే. ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఏ నియమమూ ఓడే ఆటను గెలిచే ఆటగా మార్చదు. అయితే నెమ్మదిగా ఓడటానికీ ఒక్క రాత్రిలో ఓడటానికీ మధ్య మనిషి బతుకుంటుంది. నెమ్మదిగా ఓడేవాడికి తను ఓడుతున్నాడని తెలుసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇల్లు, పెళ్లాం బిడ్డలు, ఉద్యోగం చెదిరిపోకముందే ఆట మానే అవకాశం దొరుకుతుంది.

ఈ సంగతి తెలుగువాళ్లకు పోకర్ కంటే రమ్మీ ద్వారా బాగా తెలిసుండాలి. మన 13 ముక్కల ఆటలోనే ఓటమికి హద్దు కట్టి ఉంది. 101 ఆటలో ముక్కలు బాగోలేకపోతే మొదట్లోనే 20 పాయింట్లిచ్చి డ్రాప్ చేయొచ్చు, మధ్యలో అయితే 40, ఎంత ఘోరంగా దొరికినా ఫుల్ కౌంట్ 80 దాటదు. ఆడేవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. జేబు ఖాళీ అయితే ఆట ఆగేది. 1963లో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద పోలీసులు చేసిన దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1967 నవంబరులో ఆ కోర్టు ఇచ్చిన తీర్పు, అరవై ఏళ్లు కావస్తున్నా ప్రతి వాదనలోనూ తిరుగుతోంది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఆ తీర్పు మీదే నిలబడ్డాయి. ముక్కల లెక్క వరకు ఆట అదే, నిజమే. కానీ ఫోన్‌లో ఆట చుట్టూ ఉన్నవి మారిపోయాయి. రాత్రి రెండింటికి కూడా ఎదుట ఆటగాడు సిద్ధం. చిన్న పందెం నుంచి పది రెట్ల పందేనికి వెళ్లడానికి వేలితో ఒక నొక్కు. జేబు ఖాళీ అయితే యూపీఐ, అది ఖాళీ అయితే లోన్ యాప్. ఓడినవాడి ముఖం చూసి ఇక చాల్లే, ఇంటికి పో అనే మనిషి లేడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వచ్చినప్పుడల్లా వాళ్ల బలహీనత గురించే మాట్లాడుకున్నాం. వాళ్ల చుట్టూ ఏ గోడలు కూల్చేశారో మాట్లాడుకోవడం తక్కువ.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. ఆంధ్రప్రదేశ్ సవరణలో నిర్వాహకులతో పాటు ఆడినవాడికి కూడా ఆరు నెలల దాకా జైలు ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దారి మార్చింది. ఆట నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చినవాళ్లు, డబ్బు చేరవేసినవాళ్లు కూడా శిక్షార్హులే. ఆడి పోగొట్టుకున్నవాడికి మాత్రం శిక్ష లేదు. మొత్తంగా మూసేయడం మంచిదా, హద్దులు కట్టి నడపనివ్వడం మంచిదా అన్న వాదం మిగిలే ఉంది. నిషేధం దొంగచాటు యాప్‌లకు దారి తెరుస్తుందన్న భయంలో పస ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఓడినవాణ్ని దోషిగా నిలబెట్టడం మాని, అతణ్ని ఓడించడానికి కట్టిన ఏర్పాటును బోనెక్కించడంలో ఆ చట్టం సరైన చోటే వేలు పెట్టింది.